రమణ బాకీ

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో
ఎండకంటే ముందు పసుపు వచ్చేస్తది.
బస్తాలు విప్పి కుమ్మరిస్తారు.
కాసేపటికి సిమెంటు గచ్చు కూడా
పుల్లగా వాసనేస్తది.

నాది చీటీలు రాసే పని.
కాటా ముల్లు చూసి
రైతు పేరు, తూకం, రేటు.
రాసేటప్పుడు చేతికి నత్తి లేదు.
నోటికే.

చిన్నప్పట్నించీ 'ప' అంటే భయం.
పలక, పంతులు, పది, పావలా.
పెదాలు రెండూ మూసుకుంటాయి గానీ
తెరుచుకోవడం మర్చిపోతాయి.
ఇన్ని అక్షరాలుండగా
మా అమ్మ కోనకి మొక్కుకుని
నాకు పెట్టిన పేరు పెంచలయ్య.
పెనుశిలలో వెలిసిన స్వామి పేరంట.
అమ్మకి స్వామి దొరికాడు.
శిల నా గొంతులో మిగిలింది.

అందుకే
గేటు బయట జిలానీ టీ బంకులో
మొదటిరోజు "పేరేంది అబ్బయా?" అంటే
నాలిక్కి సులువుగా తగిలిన పేరు చెప్పేశా.
రమణ.
నూనె రాసినట్టు జారిపోయింది.

తొమ్మిదేళ్ళుగా రమణ టీ తాగుతున్నాడు.
రమణకి చక్కెర తక్కువ.
రమణ ఎక్కువ మాట్లాడడు, మంచోడు.
రమణ కూతురికి జొరమొస్తే
అర్ధరాత్రి జిలానీ తన బండి ఇచ్చాడు.
తెల్లారి తాళం తిరిగి ఇస్తా
మేలు మర్చిపోనని చెప్పాల్సింది
నేనా, రమణా
తేలక
తల మాత్రం ఊపాను.

సులువైన అబద్ధానికి బరువుండదనుకుంటాం.
కాటా మీద పెట్టి చూడం గదా.

మస్తానమ్మది కాయలేరే పని.
పచ్చికాయ ఒక గంప, పండుకాయ ఒక గంప,
గోలీకాయ ఇటు, మచ్చకాయ అటు.
కళ్ళు ఎక్కడో ఉంటాయి,
బొటనవేలే చూస్తది.

నేను "ప... ప..." అంటుండగానే
"పద్దెనిమిదా? పందొమ్మిదా?" అని
నోట్లోంచి మాట లాక్కుని
అందరూ వాళ్ళే పూర్తి చేస్తారు.
దయే, కాదనను.
ఆ దయలో ఎన్నిసార్లు
తప్పు తూకానికి తలూపానో.
రెండు కిలోలో, మూడు కిలోలో,
ఎవరి పొట్టలోంచో.

మొన్న మస్తానమ్మకి కూలి లెక్క చెప్తున్నా.
మాట ఆగింది.
ఆమె చేతులూ ఆగినాయి.
చూపు తిప్పుకోలేదు, జాలి చూపలేదు,
ఊఁ ఊఁ అని తొందరపెట్టలేదు.
రాపూరు బస్సు హారన్ కొట్టుకుంటా పోయింది.
ఈగ ఒకటి మచ్చకాయ మీద వాలి,
లేచి, మళ్ళీ వాలింది.
అంతసేపు.

"ప... పన్నెండు గంపలు."

"పదమూడు," అంది. "మళ్ళీ చూడు."

నిజంగానే పదమూడు.
నవ్వొచ్చింది నాకు.
నలభయ్యేళ్ళలో
నా నత్తితో కాకుండా నా లెక్కతో
తగువు పెట్టుకున్న మొదటి మనిషి.

ఆ సాయంత్రం బంకు కాడ
గ్లాసు బల్ల మీద పెట్టి
"జిలానీ, నేను రమణని కాదు" అన్నా.
వడగట్టే గుడ్డ అట్టానే పట్టుకుని చూశాడు.
"మరి ఎవరు?"

పెదాలు మూసుకున్నాయి.
నా వెనకాల వరసగా నిలబడ్డాయి
రవి, రాజా, శీను,
తప్పించుకోడానికి ఎన్ని పేర్లు!
తిరిగి చూడలేదు.
రాయిని దొర్లించబోలేదు.
దాని మీదే కాసేపు కూర్చున్నా.

టీ మీద మీగడ కట్టింది.
పాలు పొంగబోతే
జిలానీ ఒక చేత్తో మంట తగ్గించాడు,
కళ్ళు నా మీదే.

"పె..."
"పెం..."

లారీ డ్రైవరెవరో కిసుక్కుమన్నాడు.
నవ్వనీ.

"పెంచలయ్య."

రాయి పగల్లేదు.
రేపు 'పది' అనబోతే
మళ్ళీ అడ్డం పడతది, తెలుసు.

జిలానీ బల్ల కింద నించి ఖాతా పుస్తకం తీశాడు.
వేలు తడుపుకుని పేజీ తిప్పి
రమణ మీద అడ్డగీత కొట్టి
పైన నా పేరు రాశాడు.
'య' కింద వత్తు మర్చిపోయాడు.

"రమణ బాకీ రెండొందల నలభై.
నువ్వు కడతావా పెంచలయ్యా,
ఆయనొచ్చిందాకా ఆగాల్నా?"

"కడతా" అన్నా.

'క' నాకెప్పుడూ అడ్డం పడలేదు.